బడి వేళకే వచ్చే కడుపు నొప్పి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు. ఈ జూన్‌లో కొత్త స్కూల్లో ఒకటో తరగతిలో చేర్చాం. అప్పటి నుంచి పొద్దున లేవగానే కడుపు నొప్పి అంటుంది. స్కూల్ ఆటో హారన్ వినిపిస్తే ఏడుపు. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. పిల్లల డాక్టరుకు చూపించాం, స్కానింగ్ తీసి ఏమీ లేదన్నారు. ఆ ఏడుపు చూడలేక వారానికి రెండు రోజులైనా మాన్పించేస్తున్నాను. రాత్రి పడుకునే ముందు "రేపు నన్ను తీసుకెళ్ళడానికి వస్తావు కదా" అని పదే పదే అడుగుతుంది. నా గారాబమే దీనికి కారణం అంటారు మావారు. అత్తయ్యగారు రోజూ దిష్టి తీస్తున్నారు. నా భయం ఇంకొకటి. పాప పుట్టాక నాకు డిప్రెషన్ వచ్చి ఏడాది మందులు వాడాను. ఈమధ్య మళ్ళీ నిద్ర పట్టడం లేదు. నాకొచ్చింది పాపకూ వస్తుందా? రాకుండా ఇప్పటి నుంచే ఏమైనా చేయొచ్చా? ఇంకో మాట. శ్రావణంలో మా తమ్ముడి పెళ్ళి. జనంలోకి వెళ్తే పాప నా కొంగు వదలదు. తీసుకెళ్ళమంటారా, అత్తయ్య దగ్గర ఉంచి వెళ్ళమంటారా?
ఒక తల్లి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

పాప కడుపు నొప్పి నిజమైనదే. ముందు మీ ఇంట్లో అందరూ ఈ మాట ఒప్పుకోవాలి. భయం వేసినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరుగుదల మందగిస్తుంది, కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది. పరీక్ష హాలు ముందు పెద్దవాళ్ళకు జరిగేదీ ఇదే. ఆరేళ్ళ పిల్లకు "నాకు టెన్షన్‌గా ఉంది" అని చెప్పడం రాదు. ఎక్కడ బాధగా ఉందో అది చెబుతుంది. ఆదివారం నొప్పి లేదు కాబట్టి పాప నటిస్తోందని అనుకోకండి. ఆ రోజు భయపడాల్సిన పని లేదు, అందుకే నొప్పీ లేదు.

స్కానింగ్‌లో ఏమీ లేకపోయినా రెండు విషయాలు మీ డాక్టరును మళ్ళీ అడగండి. ఒకటి మలబద్ధకం, రెండు మూత్రంలో ఇన్ఫెక్షన్. కొత్త స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తానని టీచర్ని అడగలేక సాయంత్రం దాకా ఆపుకునే పిల్లలు చాలామంది ఉంటారు. మీ పాప మంచినీళ్ళ బాటిల్ నిండుగానే ఇంటికి తిరిగొస్తోందేమో చూడండి. నొప్పితో అర్ధరాత్రి నిద్ర లేవడం, బరువు తగ్గడం, వాంతులు, జ్వరం, మలంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా అది భయం వల్లే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక మీరు అసలు అడిగింది, మీకొచ్చింది పాపకూ వస్తుందా అని. తల్లికో తండ్రికో డిప్రెషన్ గానీ ఆందోళన గానీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువే. అది దాచను. కొందరు పిల్లలు పుట్టుకతోనే బెదురు స్వభావంతో ఉంటారు కూడా. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కాగన్ అనే శాస్త్రవేత్త నెలల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించాడు. కొత్త మనిషిని, కొత్త వస్తువును చూస్తే బిగుసుకుపోయే పిల్లలు నూటికి 15 నుంచి 20 మంది దాకా ఉంటారని ఆయన తేల్చాడు. వాళ్ళందరూ పెద్దయ్యాక జబ్బు పడ్డారని కాదు. స్వభావం పుట్టుకతో వచ్చినా అది జబ్బుగా మారుతుందా లేదా అన్నది చాలావరకు చుట్టూ జరిగేదాన్ని బట్టి ఉంటుంది.

ముందే ఆపడం కుదురుతుందా అంటే, చాలావరకు కుదురుతుంది. అమెరికాలో గోల్డా గిన్స్‌బర్గ్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆందోళన జబ్బు ఉన్న తల్లిదండ్రులు, ఇంకా ఏ జబ్బూ రాని 6 నుంచి 13 ఏళ్ళ పిల్లలు, ఇలాంటి 136 కుటుంబాలను తీసుకున్నారు. కొన్ని కుటుంబాలకు భయాన్ని ఎలా ఎదుర్కోవాలో కొన్ని వారాల పాటు నేర్పారు. ఏడాది తిరిగేసరికి ఆ శిక్షణ పొందిన ఇళ్ళలో నూటికి అయిదుగురు పిల్లలకే ఆందోళన జబ్బు వచ్చింది. ఏ శిక్షణా లేని ఇళ్ళలో నూటికి 31 మందికి వచ్చింది. మీ ఇంటి పరిస్థితి అచ్చంగా అదే కాదు, పాపకు భయం ఇప్పటికే మొదలైంది. అయినా మీ చేతిలో ఎంత ఉందో చూపడానికే ఈ లెక్క చెప్పాను.

ఆ చేతిలో ఉన్నది ముఖ్యంగా పొద్దున ఆటో వచ్చే ఆ కాసేపటిలో ఉంది. పాప ఏడుస్తుంది, మీరు చూడలేక "సరే, ఈ రోజుకి వద్దులే" అంటారు. ఆ క్షణంలో పాప నొప్పి తగ్గిపోతుంది, మీ గుండె దడా తగ్గుతుంది. అయితే పాపకు దాంతో తెలిసింది ఏమిటి? బడి నిజంగానే ప్రమాదమైన చోటు, ఇంట్లో ఆగిపోబట్టి బతికిపోయాను అని. మర్నాడు ఆ భయం ఇంకాస్త పెద్దదవుతుంది. ఇందులో మీ ప్రేమను తప్పుపట్టడం లేదు. ఏడుస్తున్న బిడ్డను చూసి ఏ తల్లికైనా అదే అనిపిస్తుంది. కానీ భయం నుంచి తప్పించిన ప్రతిసారీ ఆ భయం బలపడుతుంది. పిల్లల ఆందోళన గురించి తెలిసిన విషయాల్లో అన్నిటికంటే గట్టిది ఇదేనని నా నమ్మకం. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలున్న కుటుంబాలతో ఒక ప్రయోగం చేసింది. ఒక గుంపులో పిల్లలకు నేరుగా చికిత్స ఇచ్చారు. ఇంకో గుంపులో పిల్లల్ని అసలు పిలవలేదు, తల్లిదండ్రులకు మాత్రమే నేర్పారు: భయానికి లొంగిపోయి చేసే ఏర్పాట్లను ఎలా తగ్గించుకోవాలో, బిడ్డ బాధను ఒప్పుకుంటూనే ధైర్యం ఎలా చెప్పాలో. 2020లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ పిల్లలు ఒకేలా బాగుపడ్డారు.

అలాగని రేపే పాపను ఏడుస్తుండగా ఆటోలో కుదేసి పంపమని కాదు. బావిలో ఈత నేర్పేవాళ్ళు నడుముకు బెండు కట్టి దించుతారు, చేయి వస్తున్న కొద్దీ బెండ్లు తీస్తారు, ఒడ్డున మాత్రం కూర్చోనివ్వరు. మీరు చేయాల్సిందీ అదే.

ముందు స్కూల్లో ఏముందో తెలుసుకోండి. "ఎందుకు భయం?" అని అడిగితే పాప చెప్పలేకపోతుంది. పిల్లలకు ఆ "ఎందుకు" తెలియదు. సాయంత్రం తనను టీచర్‌ను చేసి, మీరు స్టూడెంట్ అయి ఆడండి. పాప టీచర్ ఎలా అరుస్తుందో, ఎవరిని నించోబెడుతుందో, బాత్రూమ్ అడిగితే ఏమంటుందో గమనించండి. ఇంగ్లీషులోనే మాట్లాడాలనే రూలు ఉందా? వెనక బెంచీ పిల్లవాడు గిల్లుతున్నాడా? ఇంకెవరినో కొడుతుంటే చూసి బెదిరిపోయిందా? మనం కొట్టలేదు కదా అనుకుంటారు టీచర్లు. పక్కపిల్లకు పడిన దెబ్బ చూసినా పిల్లలకు భయం ఉండిపోతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అలాంటిదేమైనా ఉంటే పాప ముందు కాకుండా హెడ్ మాస్టరుతో మాట్లాడండి. పాప భయం ఒక మనిషి చుట్టూ, ఒక గది చుట్టూ, ఆటో ప్రయాణం చుట్టూ మాత్రమే తిరుగుతుంటే, స్నానం చేయించేటప్పుడు బెదిరిపోతుంటే, వయసుకు తెలియకూడని మాటలు మాట్లాడుతుంటే, దాన్ని బడి భయమని వదిలేయకండి. ఎవరైనా ఒంటిమీద చేయి వేశారేమో నెమ్మదిగా అడగండి. చెప్పింది నమ్మండి, "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

అలాంటిదేమీ లేదని తేలితే మెట్లు కట్టండి. క్లాస్ టీచర్ గానీ ఆయా గానీ ఎవరో ఒకరు పాపను గేటు దగ్గర చేయి పట్టుకుని తీసుకెళ్ళేలా మాట్లాడుకోండి. రోజూ ఒకే మనిషి అయితే మంచిది. మొదటి వారం ఆటో వద్దు, మీలో ఒకరు దింపండి. తర్వాత గేటు దాకా కాకుండా మలుపు దాకా. ఆ తర్వాత ఆటోలో, వీధిలో తెలిసిన పిల్ల పక్కన. ఒక మెట్టు మీద ఏడుపు తగ్గాకే పైమెట్టు. లోపలికి వెళ్ళగానే పాపకు చిన్న పని ఒకటి అప్పగించమని టీచర్ని అడగండి, నోట్‌బుక్స్ పంచడమో, డస్టర్ తేవడమో. చేతికి పని ఉన్నప్పుడు భయానికి చోటు తక్కువ.

పొద్దున్నే "కడుపు ఎలా ఉంది?" అని మీరు అడగకండి. పాప చెబితే ఒక్కసారి ఇలా అనండి: "నొప్పిగా ఉందని తెలుసు నాన్నా. కొత్త చోటికి వెళ్ళాలంటే అలాగే ఉంటుంది. బడిలో కాసేపు ఉంటే తగ్గుతుంది. నువ్వు వెళ్ళగలవు." ఈ మాటల్లో రెండు భాగాలున్నాయి, రెండూ కావాలి. నొప్పి ఉందని ఒప్పుకోకుండా ధైర్యం చెబితే తన బాధ ఎవరికీ పట్టలేదనుకుంటుంది. ఒప్పుకుని ఊరుకుంటే ఇంట్లోనే ఉండిపోతుంది. గేటు దగ్గర ఒక ముద్దు, ఒక టాటా, అంతే. పాప అటు తిరిగినప్పుడు చెప్పకుండా జారుకోవద్దు. అలా చేస్తే రేపటి నుంచి మీ మీద కన్ను తీయదు. నిజంగా జ్వరం వచ్చి మానేసిన రోజు ఇంట్లో టీవీ, ఫోన్ లేకుండా విశ్రాంతిగా పడుకోబెట్టండి.

రాత్రి అడిగే ప్రశ్నకు మొదటిసారి పూర్తిగా జవాబివ్వండి: "స్కూల్ వదిలే టైముకి గేటు దగ్గర, ఆ వేపచెట్టు కింద ఉంటాను." రెండోసారి అడిగితే "నీకు తెలుసు కదా, నువ్వు చెప్పు" అని దానితోనే చెప్పించండి. మూడోసారికి జవాబివ్వకుండా దగ్గరకు తీసుకుని కథలోకి వెళ్ళిపోండి. ప్రతిసారీ హామీ ఇస్తూ పోతే ప్రశ్నలు పెరుగుతాయే గానీ తగ్గవు. కానీ ఇచ్చిన మాట తప్పకూడదు. ఆలస్యమయ్యేట్టుంటే స్కూలుకు ఫోన్ చేసి పాపకు చెప్పించండి.

మీవారి మాటలో కొంత నిజం ఉంది. మాన్పించడం వల్ల మేలు జరగడం లేదని ఆయన కనిపెట్టారు. గారాబం అని మిమ్మల్ని నిందించడం మాత్రం తప్పు. తిట్టి పంపితే బడి భయానికి నాన్న భయం తోడవుతుంది. నా సలహా ఏమిటంటే, వీలైతే పొద్దున దింపే పని ఆయన తీసుకోవాలి. తల్లిని వదలలేని పిల్లలు చాలామంది తండ్రితో తేలిగ్గా వెళ్ళిపోతారు. ఈ ఉత్తరం ఆయన చేత చదివించండి.

అత్తయ్యగారు దిష్టి తీస్తే నష్టమేమీ లేదు, మనవరాలి మీద ప్రేమతోనే కదా. ఒక్కటే కోరండి: "ఎవరి కళ్ళు పడ్డాయో, పిల్ల ఎలా పాడైపోయిందో" అనే మాటలు పాప వినేలా అనొద్దని. తనలో ఏదో లోపం ఉందని పిల్లలు గట్టిగా నమ్మేస్తారు. వచ్చినవాళ్ళతో "మా పిల్ల ఉత్త పిరికిదండీ" అనడం కూడా ఇంట్లో అందరూ మానాలి. బూచాడికి పట్టిస్తా, పోలీసులకిచ్చేస్తా, సూది వేయిస్తా, హాస్టల్లో పడేస్తా, ఇలా ఏడిస్తే అమ్మ వెళ్ళిపోతుంది... మన ఇళ్ళలో అన్నం తినిపించడానికి కూడా వాడే మాటలివి. అమ్మ రాదేమో అని రోజూ రాత్రి బెంగపడే పిల్లకు ఆ చివరి మాట ఎంత లోతుగా దిగుతుందో ఊహించండి. పక్కింటి పిల్లతో పోల్చడమూ అంతే. దిగులు పడే స్వభావం ఉన్న పిల్లలు ఆ పోలికను మర్చిపోరు.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరంలో "నిద్ర పట్టడం లేదు" అని ఒక్క ముక్కలో రాసి పాప విషయంలోకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం అదే ముందు కనిపించింది. గతంలో మిమ్మల్ని చూసిన డాక్టర్ దగ్గరకు ఈ వారంలోనే వెళ్ళండి. పాప కుదుటపడ్డాక వెళ్దామని ఆగొద్దు. డిప్రెషన్ ఉన్న తల్లులకు చికిత్స ఇచ్చి వాళ్ళ పిల్లల్ని గమనించిన పెద్ద అధ్యయనం 2006లో అమెరికాలో వచ్చింది. ఆ అధ్యయనంలో పిల్లలకు నేరుగా ఏ చికిత్సా ఇవ్వలేదు. అయినా తల్లికి జబ్బు తగ్గిన ఇళ్ళలో పిల్లల మానసిక సమస్యలు తగ్గాయి. తల్లికి తగ్గని ఇళ్ళలో పెరిగాయి. మీరు చేయించుకునే వైద్యం పాపకు చేయించే వైద్యం కూడా. మీకు జబ్బు రావడం మీ తప్పు కాదు. మీవల్ల పాప పాడైందన్న ఆలోచన మాటిమాటికీ వస్తుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, ఆ ఆలోచన డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి.

మిగతావి తేలికే. ఆరేళ్ళ పిల్లకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఆరింటికి లేవాలంటే ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలి, పక్కలో ఫోన్ ఉండకూడదు. సాయంత్రం ఒక గంట చెమట పట్టేలా ఆడాలి. ఒకటో తరగతికి ట్యూషన్ పెట్టి ఉంటే దయచేసి మాన్పించండి. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. రోజులో పావుగంట పాప ఏ ఆట చెబితే ఆ ఆట మీరు ఆడండి. అప్పుడు ఏబీసీడీలు అడగొద్దు, తప్పులు దిద్దొద్దు.

అసలు ఇంత చిన్నవాళ్ళకు డిప్రెషన్ వస్తుందా అన్న సందేహం మీకు ఉండొచ్చు. అరుదుగా వస్తుంది. మూడేళ్ళ పిల్లల్లో కూడా ఉంటుందని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోన్ లూబీ పరిశోధనలు చూపించాయి. పెద్దవాళ్ళలాగా మూల కూర్చుని ఏడవకపోవచ్చు. చీటికిమాటికి విసుగు, కోపం కనబడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది ఆట. బడి లేని రోజున కూడా ఇష్టమైన బొమ్మ ముట్టుకోకపోతే, పిల్లలు పిలిచినా వెళ్ళకపోతే, "నేను చెడ్డపిల్లని" అని పదే పదే అంటుంటే, తిండి, నిద్ర మారిపోతే, ఇవన్నీ రెండు వారాలు దాటితే చూపించాలి. ఆదివారం మీ పాపకు ఏ నొప్పీ ఉండదని రాశారు, అది మంచి గుర్తు. ఎప్పుడైనా "చచ్చిపోతాను", "నేను లేకపోతే బాగుండు" అంటే వారాలు లెక్కపెట్టొద్దు, ఆ రోజే చూపించండి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నెల దాటినా ఒక్క మాటా మాట్లాడకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం కూడా నిపుణులకు చెప్పాల్సిన విషయాలే.

పైన చెప్పిన మెట్లు నెలరోజులు నిజాయితీగా పాటించినా పాప బడికి సరిగా వెళ్ళలేకపోతే పిల్లల మానసిక నిపుణులను కలవండి. మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతకంటే ముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు అది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ కోసమైనా, పాప కోసమైనా చేయొచ్చు. మానసిక వైద్యం అనగానే పాపకు మాత్రలు మొదలుపెడతారని భయపడకండి. ఈ వయసులో ముందుగా చేసేది ఆటల ద్వారా, మాటల ద్వారా, తల్లిదండ్రులకు నేర్పడం ద్వారా చేసే చికిత్సే.

పెళ్ళికి పాపను తీసుకెళ్ళండి. అత్తయ్య దగ్గర ఉంచి వెళ్తే జనమంటే భయం అలాగే ఉండిపోతుంది, పైగా అమ్మ వదిలేసి వెళ్ళిందన్న బెంగ కలుస్తుంది. వీలైతే ఒకరోజు ముందే పుట్టింటికి చేరండి. ఇల్లు బంధువులతో నిండకముందే పాప ఆ గదులకు, మనుషులకు అలవాటు పడుతుంది. కల్యాణ మండపానికి కూడా జనం రాకముందు వెళ్ళి, ఎక్కడ కూర్చుంటారో, బాత్రూమ్ ఎక్కడుందో చూపించండి. మొదటి గంట కొంగు పట్టుకుంటే పట్టుకోనివ్వండి. ఎవరైనా "పేరేంటమ్మా" అని అడిగితే దాని బదులు మీరు చెప్పేయకుండా నాలుగు క్షణాలు ఆగండి. చెబితే సరే, చెప్పకపోతే నవ్వి ఊరుకోండి. ఎవరికీ బలవంతంగా ముద్దు పెట్టించొద్దు, ఎవరి ఒళ్ళోనూ కూర్చోబెట్టొద్దు. కాసేపయ్యాక తనకు ఇష్టమైన ఒక పిల్లతో కలిపి చిన్న పని చెప్పండి, అక్షింతల పళ్ళెం పట్టుకోవడమో, వచ్చినవాళ్ళకు పన్నీరు చల్లడమో. అలిసిపోయిందనిపిస్తే పక్క గదిలో పావుగంట పడుకోబెట్టి మళ్ళీ తీసుకురండి, ఇంటికి మాత్రం పంపేయకండి. ఆ రోజు మేనమామే పెళ్ళికొడుకు కాబట్టి, తప్పిపోతాననే భయం రాకుండా మీరు కనిపించకపోతే ఎవరి దగ్గరకు వెళ్ళాలో, అమ్మమ్మా, పిన్నా, ముందే పాపకు చెప్పి ఉంచండి.